యోగక్షేమములు

ఉత్తరములు వ్రాయు అలవాటు ఉన్న దినములలో మనమందరము ఒకే తీరున మొదలుపెట్టెడివారము. కాగితము నెత్తిన "శ్రీరామ" అని వ్రాసి, "ఇచట మేమందరము క్షేమము, అచట మీ యోగక్షేమములు తెలియజేయ గోరుచున్నాము" అని ఆరంభించి, పిమ్మట అసలు సంగతిలోనికి దిగెడివారము. అసలు సంగతి చాలవరకు దిగులే. వానలు లేవనియో, పిల్ల పెండ్లి కుదురలేదనియో, అప్పులవాడు వచ్చి అరుగుమీద కూర్చున్నాడనియో వ్రాయుచు వ్రాయుచు కాగితము అడుగునకు వచ్చుసరికి, పైన వ్రాసిన రాముడు పైననే ఉండిపోయెడివాడు. నేడు ఉత్తరముల స్థానమున చేతిఫోనులు వచ్చినవి. దిగులు మాత్రము మునుపటివలెనే ఉన్నది.

భగవంతుని ముందుంచవలెనని మనవారికి ఒకరు నేర్పనక్కరలేదు. ధాన్యము కొలుచునపుడు రైతు "ఒకటి" అనడు. "లాభం" అని మొదలుపెట్టి రెండవ కొలతనుండి లెక్క సాగించును. క్రొత్త లెక్కల పుస్తకమునకు పసుపు కుంకుమ పెట్టి శ్రీకారము చుట్టుదుము. ఏరువాకనాడు అరకకును ఎడ్లకును పూజ జరుగనిదే మొదటి చాలు కదలదు. ముందుంచుట మనకు బాగుగనే తెలియును. ముందుంచిన తరువాత, మధ్యాహ్నమునకు, సాయంకాలమునకు, నిద్రపట్టని అర్ధరాత్రికి ఏమగుచున్నదో చూడవలెను. అందులకు మన ఉత్తరములలోని ఆ "యోగక్షేమములు" అను మాటయే మంచి దారి చూపునని నాకు తోచి, ఈ దినమున శ్రోతలకు దానిని గూర్చి నాలుగు ముక్కలు మనవి చేయుచున్నాను.

ఇది రెండు మాటల జంట. శంకరభగవత్పాదులు గీతాభాష్యములో దీనిని తేటగా విడదీసిరి. లేనిదానిని పొందుట యోగము. పొందినదానిని కాపాడుకొనుట క్షేమము. ఇచట యోగమనగా ముక్కు మూసికొని కూర్చుండుట కాదు. ఈ నిర్వచనమును చిన్నతనమున గురువుగారియొద్ద చదివినపుడు నాకు అంత గొప్పగా కనబడలేదు. చాల యేండ్లకు ఒక రాత్రి నిద్రపట్టక, మనస్సులో తిరుగుచున్న చింతలను ఒక్కొక్కదానినే పట్టి చూచితిని. పిల్లవానికి ఉద్యోగము: యోగము. రావలసిన పైకము: యోగము. బావిలో నీరు ఇంకిపోవుట: క్షేమము. గట్టు జరుపుచున్న పొరుగువాడు: క్షేమము. మోకాలి నొప్పి: అదియు క్షేమమే. తెల్లవారుజామువరకు వెదకినను ఈ రెండు గాదెలలో దేనియందును పడని చింత నాకొకటియు దొరకలేదు. మీరును ఒక రాత్రి ప్రయత్నించి చూడుడు. నిద్ర ఎటులను పట్టదు గదా.

ఈ మాట వేదకాలమునాటిది. మాకు యోగక్షేమములు సమకూరుగాక యని యజుర్వేదమంత్రము కోరుచున్నది. కఠోపనిషత్తులో యముడు నచికేతునితో, మందబుద్ధియైనవాడు యోగక్షేమములకు ఆశపడి శ్రేయస్సును విడిచి ప్రేయస్సును వరించునని చెప్పెను. ఒకచోట కోరదగినది, మఱొకచోట మనుష్యుని కట్టివేయునది. గీతలోను ఈ రెండు ముఖములు కలవు. 2వ అధ్యాయము 45వ శ్లోకములో శ్రీకృష్ణుడు అర్జునుని యోగక్షేమముల తలంపు విడువుమనెను. 9వ అధ్యాయము 22వ శ్లోకములో, మఱొకదానిని తలపక తన్నే ఉపాసించువారి యోగక్షేమములను తాను వహింతునని మాట ఇచ్చెను. ఈ రెండింటిని జతగా చదువవలెను. మొదట దింపుమన్నాడు, తరువాత తాను ఎత్తుకొందునన్నాడు. నెత్తిమీది గడ్డిమోపును రెండు చేతులతో బిగబట్టి వదలనివానికి, ఎదురువచ్చినవాడు సాయపడదలచినను ఎట్లు పడగలడు?

మా ఊరి రైతొకడు ఈ శ్లోకము విని, "పంతులుగారూ, మోసేది దేవుడే అయితే చేనుకు నీళ్లు పెట్టడం మానెయ్యమంటారా?" అని అడిగెను. మంచి ప్రశ్న. ఆ కృష్ణుడే 8వ అధ్యాయమున, ఎల్లవేళల తన్ను తలచుమని చెప్పుచు, ఆ నోటనే యుద్ధమును కూడ చేయుమనెను. స్మరణ వచ్చినంతమాత్రమున విల్లు క్రింద పెట్టుమనలేదు. అర్జునుడు క్రింద పెట్టిన విల్లును ఎత్తించుటకే గదా గీత పుట్టినది! చేయుట వేరు, మోయుట వేరు. చేనికి నీరు పెట్టుట పని. నీరు పెట్టి ఇంటికి వచ్చి, ఎవడైన గండి కొట్టునేమోయని మంచముమీద పడుకొని రాత్రియంతయు మరల నీరు పెట్టుచుండుట చింత. మొదటిదానివలన చేను తడియును. రెండవదానివలన దిండు తడియును.

ఇక భగవంతుడు ఇచ్చిన ఆ మాటకు అర్థమెంతవరకు? ఇచట మనము జాగ్రత్తగా ఉండవలెను. తక్కిన భక్తుల యోగక్షేమములను మాత్రము ఆయన మోయడా అను ప్రశ్నను శంకరులే వేసికొనిరి. అందరివియు ఆయనయే మోయుచున్నాడని సమాధానము. భేదమేమనగా, తక్కినవారు తమకొరకు తామును పాటుపడుచుందురు. అన్యమెరుగనివారు అట్లు పాటుపడరు, బ్రదుకునందుగాని చావునందుగాని వారికి ఆశ లేదు. ఈ కడపటి మాటను చాలమంది పురాణకాలక్షేపములలో దాటవేయుదురు. చావుబ్రదుకులయందు ఆశ లేనివారికి ఇచ్చిన మాట, పంట తప్పక పండునని, రోగము రాదని వ్రాసి ఇచ్చిన పూచీపత్రము కానేరదు. రామానుజులవారు ఇంకను ముందునకు పోయి, యోగమనగా భగవంతుని చేరుట, క్షేమమనగా మరల తిరిగి రాకుండుట అని చెప్పిరి. 1977 నవంబరు 19వ తేదీన ఉప్పెన దివిసీమను ముంచినపుడు వేలకొలది జనము పోయిరి. వారిలో ఆ ఉదయమున దేవునికి దీపము పెట్టినవారు లేరని ఎవరనగలరు? నమ్మినవానికి నష్టము రాదని ఎవరైన ఈ శ్లోకమునకు అర్థము చెప్పినచో నా మనస్సు ఒప్పుకొనదు. మోయుదునన్నవాడు బరువే ఉండదని చెప్పలేదు.

ఆ శ్లోకములోనే "తలపోయుచు" అను అర్థము గల పదమొకటి కలదు. అది చింత అను మాటకు సంబంధించినది. సంస్కృతమున చింత యనగా తలపు; ధాతుపాఠములో ఆ ధాతువునకు స్మృతి యనియే అర్థము. తెలుగింటికి వచ్చుసరికి చింత దిగులైనది. చింతన మాత్రము ధ్యానముగా మిగిలినది. ఒక కడుపున పుట్టిన అక్కచెల్లెండ్రు. ఒకతె దేవుని ఇంట మెట్టినది, ఒకతె ఏడుపింట మెట్టినది. బడిలో ఈ సంగతి చెప్పి పిల్లలను నవ్వించెడివాడను. వయస్సు వచ్చినకొలది ఇందులో నవ్వుకంటె ఎక్కువే ఉన్నదని తెలిసినది. పూజలో కూర్చున్న అరగంటలో నలువది మారులు మనస్సు అప్పు దగ్గరకు పరుగెత్తును. అయ్యో, నాకు ఏకాగ్రత లేదే యని విచారింతుము. అప్పును తలచుకొనునపుడు ఆ ఏకాగ్రత ఎచటనుండి వచ్చుచున్నది? వడ్డీ పైసలతోసహా జ్ఞప్తికి వచ్చును! తలచు శక్తి మనయందు నిండుగనే ఉన్నది. దాని ముఖము ఎటు తిరిగియున్నదన్నదే ప్రశ్న.

ముఖము త్రిప్పుట ఎట్లో రామదాసును చూచి నేర్చుకొనవలెను. కంచెర్ల గోపన్న గోలకొండ కుతుబ్‌షాహీల కాలమున పాల్వంచ పరగణాకు తహసీల్దారు. భద్రాచలమున రామునికి గుడి కట్టించుటలో సర్కారు పైకము వాడెనని, 1672 మొదలు 1687 వరకు ఏలిన అబుల్ హసన్ తానీషా కాలములో చెరసాల పాలయ్యెను. చెరలో ఆయన చెప్పిన కీర్తనలలో ఓర్పు మాత్రమే ఉన్నదనుకొనుట పొరపాటు. ఏ ప్రాకారమునకు, ఏ నగకు ఎన్ని మొహరీలైనవో పద్దు వేసి రాముని ముందు పెట్టెను. సీతమ్మకు చేయించినది, లక్ష్మణునికి చేయించినది వేర్వేరుగా చదివెను. కోపముతో తిట్టెను, తిట్టినందులకు నొచ్చుకొని మన్నింపుమని వేడుకొనెను. తహసీల్దారు గదా, చింతలో సయితము లెక్క తప్పలేదు. ఆ లెక్కలనే గోడవైపు తిరిగి తనలో తాను గొణుగుకొనియుండినచో అది దిగులై ఆయనను తినివేసియుండును. రాముని ఎదుట చదువుటచే కీర్తనయైనది. భగవంతుని ముందుంచుట యనగా ఆయనయెదుట నోరు కట్టుకొని కూర్చుండుట కాదని నేను దీనివలన గ్రహించితిని.

ఇప్పుడు "వహింతును" అను క్రియాపదము సంగతి. ఒక పండితుని కథ హరికథలలో వినియుందురు. ఆ పండితుడు గీతకు వ్యాఖ్య వ్రాయుచు ఈ శ్లోకమునొద్ద ఆగి, సర్వేశ్వరుడు కూలివానివలె మూట మోయుటేమి, ఇచ్చును అని ఉండవలెను గాని యని, వహించుట అను క్రియను గంటముతో గీరివేసి ఇచ్చుట అను క్రియను వ్రాసెనట. నాడు ఇంట గింజ లేదు. ఆయన భిక్షకు పోయిన వెనుక, నల్లనివాడొకడు, తెల్లనివాడొకడు, ఇద్దరు బాలకులు బియ్యము, పప్పు, నెయ్యి మోసికొని వచ్చి ఇల్లాలికి అప్పగించిరి. నల్లవాని ఒంటిమీద గీరిన గాయములు. ఎవరు నాయనా యని ఆమె అడుగగా, నీ భర్తయే యని చెప్పి పోయెను. పండితుడు ఇంటికి వచ్చి, విని, పడి ఏడ్చి, గీరిన మాటను మరల వ్రాసెను. కథ నిజమో కాదో నేను చెప్పజాలను. క్రియాపదముమీద మనవారికి ఉన్న శ్రద్ధ మాత్రము నిజము. (1956 సెప్టెంబరు 1వ తేదీన ఏర్పడిన జీవిత బీమా సంస్థ కూడ తన ముద్రపై ఈ శ్లోకములోని మాటనే వేసికొన్నది. అయితే అచట మోయుటకు ముందు వాయిదాలు కట్టవలెను.)

పండితుడు అచట పెట్టబోయిన "ఇచ్చుట" అను ఆ క్రియ గీతలో మఱొకచోట తన స్థానమున చక్కగా ఉన్నది. 10వ అధ్యాయము 10వ శ్లోకమున, ప్రీతితో ఎడతెగక తన్ను భజించువారికి బుద్ధియోగమును ఇత్తునని కృష్ణుడు చెప్పెను. యోగక్షేమములను మోయుదునన్నవాడే బుద్ధిని ఇత్తునన్నాడు. మోసెడిది మోయువాని భుజముమీదనే ఉండును. ఇచ్చినది మన చేతికి వచ్చును. చేతికి వచ్చినదానిని వాడవలసినవారము మనమే. పగ్గములు కృష్ణుని చేతిలో ఉన్నను గాండీవము అర్జునుని చేతిలోనే ఉండెను. పదునెనిమిది దినముల యుద్ధములో కృష్ణుడు అర్జునునికి మారుగా ఒక్క బాణమును వేయలేదు.

ఈ భేదమును నేను తెలుగు పండితుడనుగా పని చేసిన కాలములో గుడి అరుగుమీద ఎన్నిమారులు చెప్పితినో లెక్కలేదు. చెప్పినవాడే మరచిన సంగతిని ఇక దాచక మనవి చేయవలెను.

2011వ సంవత్సరము కార్తిక మాసము. నా ఇల్లాలు సంధ్యవేళ తులసికోటయొద్ద దీపము పెట్టి వచ్చి, "ఏమండీ, ఈమధ్య దీపం చుట్టూ రంగుల వలయం కనిపిస్తోంది, ఇంద్రధనుస్సులాగ" అనెను. నేను చేతిలోని పుస్తకము దింపకయే, కార్తికదీపము గదా, నీ భక్తికి ఫలమంటిని. ఆమె సంతోషించెను. అప్పుడప్పుడు తలనొప్పి యని కూడ చెప్పుచుండెను. ఉపవాసములవలన కాబోలునని ఇద్దరము అనుకొంటిమి. దీపము చుట్టు అట్టి వలయములు కనబడుట నీటికాసులు అను కంటిజబ్బు గుర్తులలో ఒకటి యని నాకు అప్పుడు తెలియదు. కంటిలో ఊరు నీరు బయటికి పోవు దారి మూసికొనుటవలన లోపల ఒత్తిడి పెరిగి, చూపునిచ్చు నరము నలుగును. నలిగిన నరము మరల బాగుపడదు.

మాసము చివర ఒక రాత్రి కుడికన్ను ఎఱ్ఱబడి, భరింపరాని నొప్పితో ఆమె వాంతులు చేసికొనెను. తెల్లవారగనే పట్టణమునకు తీసికొనిపోతిని. వైద్యుడు పరీక్షించి, మందులు వేసి, ఆ దినముననే పెద్ద ఆసుపత్రికి పోయి చికిత్స చేయించవలెనని, ఆలస్యమైనచో చూపు పోవునని స్పష్టముగా చెప్పెను. నేను తల యూపి, బండిని ఇంటివైపు త్రిప్పించితిని. కంటిమీద కత్తి పెట్టుదురనగనే నాకు గుండె జారినది. దేవుని గదిలో కూర్చుండి రెండు చీటీలు వ్రాసితిని. ఒకదానిలో "వెళ్లుము", మఱొకదానిలో "ఆగుము". వానిని పాదములయొద్ద ఉంచి, పొరుగింటి పసివానిచేత ఒకటి తీయించితిని. "ఆగుము" అని వచ్చినది. నిజము చెప్పవలెనన్న, నాకు ప్రాణము లేచివచ్చినది. మరునాడు అమావాస్య, ప్రయాణము పనికిరాదంటిని. మందులతో నొప్పి కొంత తగ్గగా అదియు చీటీమాటకు సాక్ష్యమనుకొంటిని.

మూడవనాటి ఉదయమున ఆమె మంచముమీద లేచి కూర్చుండి, ఎడమకంటిని అరచేతితో మూసికొని కిటికీ వైపు చూచెను. చాలసేపు చూచి, ఏమియు కనబడుటలేదని చెప్పెను. చీటీల సంగతి ఆ పసివానివలన ఆమెకు తెలిసియుండెను. "దేవుడు మీకింత చదువిచ్చింది చీటీలు తీయడానికేనండీ?" అని మాత్రము అడిగెను.

ఆ దినమే పోతిమి. కుడికంటి చూపు తిరిగి రాలేదు. ఎడమకంటికిని ఆ జబ్బే రాబోవుచున్నదని కనిపెట్టి, లేజరు కిరణముతో సూక్ష్మమైన రంధ్రము చేసి దానిని కాపాడిరి. నిమిషముల పని. నేను భయపడిన కత్తి ఆ కంటికి తగులనే లేదు.

మూడు దినములు భగవంతుని ఆజ్ఞకై వేచియున్నాననుకొంటిని. ఆయన చెప్పవలసినది మొదటినాటి ఉదయముననే, ఆ వైద్యుని నోట, నాకు తెలియు తెలుగులోనే చెప్పించియుండెను. అది నాకు రుచింపనందున మఱొక మాటకై చీటీలు వ్రాసితిని. నా భయమును ముందు కూర్చుండబెట్టి, దాని వెనుక దేవుని నిలబెట్టి, దానికి దైవవిశ్వాసమని పేరు పెట్టితిని. చీటీలు వేయుట తప్పని నేననుట లేదు. అన్నదమ్ముల పంపకములలో సమానముగా విడదీసిన వాటాలకు చీటీలు వేయుట న్యాయమే. అచట బుద్ధి చేయవలసిన పని అప్పటికే ముగిసినది. బుద్ధి పని మిగిలియుండగా చీటీ తీయుట, ఇచ్చినవాని ముఖముననే ఈవిని త్రిప్పి కొట్టుట.

అప్పటినుండి నాకొక అలవాటు పట్టువడినది. ఇది దైవసంకల్పమని నాకు తోచిన మాట నా భయమునకో, నా లోభమునకో మరీ అనుకూలముగా ఉన్నచో, దానిని వెంటనే నమ్మను. పనిలో ఆరితేరినవానిని ఒకనిని అడుగుదును. నాకు ఎదురు చెప్పగలవారిని ఒకరిని అడుగుదును. ఎదురు చెప్పగలవారికై దూరము పోనక్కరలేదు, ఇంటనే ఉన్నారు. అడిగి, తేల్చుకొని, చేయవలసినది చేసిన తరువాత మిగిలినదానిని మాత్రము రాత్రి దేవుని గదిలో చదివి వచ్చి పడుకొందును. రామదాసువలె పద్దు వేసి చదువుట నాకు చేతకాదు గాని, ఇది యోగము, ఇది క్షేమము అని విడదీసి చెప్పుకొందును. కొన్ని రాత్రులు నిద్ర వచ్చును. కొన్ని రాత్రులు రాదు.

భగవంతుడు యోగక్షేమములను మోయువాడైనచో ఆ కన్నెట్లు పోయినదని నా పూర్వవిద్యార్థి ఒకడు అడిగెను. నాకు సమాధానము తోచక ఆమెనే అడుగుమంటిని. ఆమె వత్తులు చేసికొనుచు, "ఒక కన్ను మీ పంతులుగారు మోశారు నాయనా, ఒకటి దేవుడు మోశాడు" అనెను. ఆ విద్యార్థి నవ్వెను. నాకు నవ్వు రాలేదు.

ఇప్పటికిని సంధ్యవేళ దీపము పెట్టునది ఆమెయే. పెట్టి, ఎడమకంటితో వెలుగు చుట్టు ఒకమారు చూచి, "రంగులేమీ లేవండీ" అని నాకు చెప్పును. పిమ్మట వచ్చి పడుకొనగా నేను కంటిలో మందు చుక్క వేయుదును. దీపము కానిదే మందు వేయించుకొనదు; మందు పడనిదే అన్నమునకు లేవదు. ఆరు మాసములకొకమారు కంటి ఒత్తిడి చూపించుటకు పట్టణమునకు పోవుదుము. ఆసుపత్రివారు చెప్పిన దినమున బయలుదేరుటయే గాని నేను పంచాంగము తెరచుట లేదు. మొన్న పోయినది అమావాస్యనాడు.